ప్యాకీ అంత్యక్రియలకు వెళ్ళిన కారు

ఆ ఉదయం డింఫ్నా తలపెట్టిన పని ఒక్కటే. పెరట్లో కోసిన పుల్లటి రూబార్బ్ కాడలు వాడిపోకముందే జామ్ వండెయ్యాలి. పంచదార తూచింది, పొయ్యి వెలిగించింది, గిన్నె పెట్టింది. అంతలో పోస్టు వచ్చింది. మొగుడు మలాకీ కవరు చించి చూసి, అలాగే కుర్చీలో కూలబడ్డాడు.

"ఏమే, మన కారు డోనెగాల్ వెళ్ళిందట!"

డింఫ్నా చేతిలో గరిటె జారి పొయ్యి వెనక పడింది.

"కారేమిటి, డోనెగాలేమిటి?"

"ఎనభై దాటకూడని రోడ్డు మీద నూట పదకొండులో పోయిందట. కెమెరా పట్టిందట. తారీకు చూడు, మన ప్యాకీని పూడ్చిన రోజు! ఆ పొద్దున కారు నువ్వు చర్చికి తోలుకుపోలేదూ?"

"తోలుకుపోయాను," అంది డింఫ్నా. గొంతు మాత్రం గరిటెతో పాటే ఎక్కడో పడిపోయింది.

డోనెగాల్ వెళ్ళింది ఆవిడే మరి. మేయోలో వాళ్ళ ఊరినుంచి అక్కడికి పోను మూడు గంటలు, రాను మూడు గంటలు. అక్కడ ఆవిడ అక్క ఫిలొమీనా ఉంటుంది. ఏళ్ళ కిందట మలాకీ తల్లిని పూడ్చిపెట్టి వచ్చి అందరూ భోజనాలకు కూర్చున్నప్పుడు ఆ ఫిలొమీనా, పళ్ళెంలో పంది మాంసం ముక్క పైకెత్తి, "ఇంత పల్చగా కోశారేం, ఇందులోంచి పేపరు చదువుకోవచ్చు" అంది. ఆ మాట మలాకీ చెవిన పడింది. ఈ ఇంటివాళ్ళు ఆ గడప తొక్కకూడదని, ఆ ఇంటివాళ్ళు ఈ గడప తొక్కకూడదని అక్కడికక్కడే ఒట్టు పెట్టుకున్నాడు. మలాకీ ఒట్టంటే మామూలు ఒట్టు కాదు. పొగ మానేస్తానని పెళ్ళిరోజున ఒట్టేసి, ఇప్పటిదాకా పైపు ముట్టని మనిషి.

కాని తోడబుట్టినదాన్ని చూడకుండా ఎవరుండగలరు? డింఫ్నా ఒక దారి కనిపెట్టింది. ఊళ్ళో ఎవరైనా పోతే నల్లకోటు వేసుకుని, శాండ్‌విచ్‌ల డబ్బా కార్లో పెట్టుకుని, వంటసాయానికని ముందే బయలుదేరేది. మలాకీ పొలాలకు అడ్డంపడి నడిచి వస్తానని వెనక ఉండిపోయేవాడు. వాళ్ళ చర్చిలో ఆడవాళ్ళు ముందు బెంచీల్లో కూర్చుంటారు, మగవాళ్ళు వెనక తలుపు దగ్గర నిలబడతారు. ఎవరు వచ్చారో ఎవరు రాలేదో ఎవరు చూడొచ్చారు? చావింటికి వెళ్ళిన ఆడది దీపాలవేళకు వచ్చినా అడిగేవాళ్ళు లేరు. ఆ ఊళ్ళో ముసలివాళ్ళు ఎక్కువ కాబట్టి, దేవుడి దయవల్ల అక్కాచెల్లెళ్ళు తరచుగానే కలుసుకునేవారు.

"పోనీలే అయ్యా, ఫైను కట్టేద్దాం," అంది డింఫ్నా.

"చెయ్యని తప్పుకు కట్టనా? నా కంఠంలో ప్రాణముండగా కట్టను!"

"అలా అయితే వాళ్ళు నంబరు తప్పు రాసుకుని ఉంటారు. ఊరుకో. ఎందుకొచ్చిన గొడవ?"

మలాకీ లేచి నిలబడ్డాడు. "అదీ మాట! నీ బుర్రే బుర్ర! నంబరు తప్పు! కోర్టుకెక్కి ఆ మాటే అంటాను!"

చూశారా, నోరు మూసుకుంటే గోరుతో పోయేదానికి ఆవిడే గొడ్డలి అందించింది. వెనకాల జామ్ మాడి ఇల్లంతా కమురు కంపు కొట్టింది.

సాయంత్రానికి పక్కింటి టైగ్ వచ్చాడు. మలాకీ చెప్పిందంతా విని తొడ చరిచాడు. "అన్యాయం అన్నా! ఆ కారు పొద్దస్తమానం చర్చిగోడ పక్కనే ఉంది. నా కళ్ళతో చూశాను. నువ్వు తలుపు దగ్గర నా పక్కనే నిలబడ్డావు కదా!"

మలాకీకి ఎందుకో పొలమారింది. డింఫ్నా మాత్రం టైగ్‌ను ఎగాదిగా చూసింది. లేని కారును కళ్ళతో చూసినవాణ్ణి ఆవిడ చూడడం అదే మొదలు.

అయితే ఆ ఊరి మర్యాదే అంత. పెళ్ళికి రాకపోతే క్షమిస్తారు, అప్పు ఎగ్గొడితే క్షమిస్తారు. చావుకు రాలేదని ఒక మనిషిని అంటే మాత్రం ఆ రెండు కుటుంబాలకు మూడు తరాలు మాటలుండవు. అందుకని అక్కడ ఎవరినడిగినా "మిమ్మల్ని చూశాను, మీరు నన్ను చూశారు కదా" అనే అంటారు. వారం తిరిగేసరికి ఆ కారును గోడ పక్కన చూడనివాడు ఊళ్ళో లేడు. ఒకావిడైతే దాని బానెట్ మీద పర్సు కూడా పెట్టుకుందట.

ఇక దాచి లాభం లేదనుకుని డింఫ్నా ఫాదర్ ఫింటన్ దగ్గరికి పరుగెత్తింది. ఆయన చెవిలో వేస్తే ఏదో దారి చెబుతాడు కదా.

"ఫాదర్, ప్యాకీ అంత్యక్రియల రోజున నేను..."

"తెలుసమ్మాయీ," అన్నాడాయన ఆవిడ చెయ్యి పట్టుకుని. "ముందు బెంచీలో కూర్చుని ఎంత ఏడ్చావు! ప్యాకీ భార్య బ్రైడీ కూడా అంత ఏడవలేదు. నేను చూడలేదనుకున్నావా?"

డింఫ్నా వచ్చిన దారినే ఇంటికి వచ్చేసింది. ఆ ఆదివారం ఫాదర్ పూజ ముగించి, మలాకీకి సాక్ష్యం చెప్పడానికి ఊరంతా కదలాలని ప్రకటించాడు. శవపేటికలు, సారాకొట్టు, బస్సు, మూడు వ్యాపారాలూ చూసుకునే కార్మక్ తన బస్సు ఉచితంగా ఇస్తానన్నాడు.

చలి మొదలైన వారంలో కోర్టు వాయిదా వచ్చింది. తప్పు జరిగినచోటే విచారణ అన్నారు. అంటే డోనెగాల్‌లో, ఫిలొమీనా ఉండే ఊళ్ళోనే. దారి పొడవునా బస్సులో పాటలు పాడారు. ప్యాకీ భార్య బ్రైడీ అందరికీ శాండ్‌విచ్‌లు పంచింది. "మా ఆయన కోసం వచ్చినవాళ్ళు, మీ ఋణం ఉంచుకుంటానా" అని డింఫ్నా ఒళ్ళో రెండు ఎక్కువే పెట్టింది. డింఫ్నా వాటిని మింగనూ లేకపోయింది, కక్కనూ లేకపోయింది.

కోర్టు హాల్లో అడుగు పెడుతూనే ఆవిడ తలుపు దగ్గరే నిలిచిపోయింది. వెనక బెంచీలో ఫిలొమీనా, పక్కన ఆవిడ మొగుడు మేనస్. ఫిలొమీనా చెల్లెలి వైపు చూసి కళ్ళతోనే అభయమిచ్చింది. మేనస్ మాత్రం సున్నం కొట్టిన గోడలా ఉన్నాడు. 'పాపం, నాకోసం ఎంత బెంగ పెట్టుకున్నాడో' అనుకుంది డింఫ్నా.

జడ్జమ్మ కళ్ళజోడు సవరించుకుంది. మలాకీ బైబిలు మీద చెయ్యి వేశాడు.

"ఆ మధ్యాహ్నం మీరెక్కడున్నారు?"

"మా ఊరి చర్చిలో, తల్లీ. తలుపు దగ్గర నిలబడ్డాను. మా ఆవిడ ముందు బెంచీలో కూర్చుంది. ఇక్కడ మిమ్మల్ని చూసినంత స్పష్టంగా చూశాను. మా కారు గోడ పక్కన ఉంది."

తరువాత టైగ్ ప్రమాణం చేసి, కారునూ మలాకీనీ డింఫ్నానూ చూశానన్నాడు. జడ్జమ్మ అంతా శ్రద్ధగా విని, "సరే, ఇప్పుడు ఫోటో చూద్దాం" అంది.

గోడ మీద ఫోటో వెలిగింది. అది మలాకీ కారే, నంబరు కూడా అదే. స్టీరింగు వెనక డింఫ్నా ఉంది. జుట్టు గాలికి ఎగురుతోంది, నోరు బార్లా తెరిచి పాట పాడుతోంది.

డింఫ్నా లేచింది.

"నేనేనమ్మా. మా అక్కను చూసి తిరిగి వెళ్తున్నాను. ఆ రోజే కాదు, ఊళ్ళో ఎవరు పోయినా వస్తూనే ఉన్నాను."

మలాకీ ముఖం ఎర్రబడింది. "ఇన్నేళ్ళూ నన్ను మోసం చేశావే! నా ఒట్టుకు విలువ లేకుండా..."

"కాస్త ఆగండి," అంది జడ్జమ్మ. "ఆవిడ ముందు బెంచీలో కూర్చుని ఉండగా చూశానని ఇప్పుడే ప్రమాణం చేసి చెప్పారు. లేని మనిషిని ఎలా చూశారు?"

అప్పుడు తట్టింది డింఫ్నాకు.

"అవునయ్యా! ఎలా చూశావు?"

మలాకీ పైకప్పు చూశాడు, నేల చూశాడు, చివరికి వెనక బెంచీ వైపు చూశాడు. మేనస్ టోపీ నలుపుతూ లేచాడు.

"చెప్పెయ్ మలాకీ, ఇక దాగదు. స్లైగో గొర్రెల సంతలో ఉన్నాడమ్మా, నాతో. సగం దారి వాడు బస్సులో వస్తాడు, సగం దారి నేను వెళ్తాను. చావు ఉన్న రోజల్లా కలుస్తాం."

"తోడల్లుళ్ళిద్దరూనా!" అని ఫిలొమీనా మొగుడి భుజం మీద ఒక్కటిచ్చింది. "చావుకు వెళ్తున్నానని నాతో అన్నావు కదరా దొంగా!"

"చావు ఉన్న మాట నిజమేగా! మనకు చెందిన చావని నేనన్నానా?"

"మరి ఒట్టు?" అంది డింఫ్నా మొగుడి ముందుకు వచ్చి. పాపం, ఆవిడకు కోపం రావాలో ఏడుపు రావాలో తెలియలేదు. "గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్నావే?"

"తొక్కలేదు," అన్నాడు మలాకీ నేలచూపులు చూస్తూ. "సంతకు గడపేముంది?"

జడ్జమ్మ చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు దగ్గింది. తరువాత బస్సు జనం వైపు తిరిగింది. "ఆ అంత్యక్రియలకు నిజంగా వెళ్ళినవాళ్ళు చేతులెత్తండి."

బ్రైడీ ఎత్తింది. ఫాదర్ ఎత్తాడు. శవపేటిక మోసినవాడు కాబట్టి కార్మక్ ఎత్తాడు. ఇంకో నలుగురు ముసలమ్మలు. టైగ్ బూటు తాడు కట్టుకుంటూ వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. అందరూ బ్రైడీ ముఖమే చూస్తున్నారు.

బ్రైడీ నిట్టూర్చింది. "పోనీలెండి అమ్మా. ఆ రోజు సంత. పెట్టెలో పడుకుని ఉండకపోతే మా ఆయనా అక్కడికే పోయేవాడు."

ఫైను డింఫ్నా మీద పడింది. అబద్ధపు సాక్షులను జైల్లో పెట్టాలంటే ఒక బస్సుకు సరిపడా చోటు లేదని జడ్జమ్మ అంది. ప్యాకీ సంవత్సరీకం పూజకు ఒక్కొక్కరూ స్వయంగా హాజరు కావాలని, లెక్క బ్రైడీ చూసుకోవాలని హెచ్చరించి పంపేసింది.

కోర్టు మెట్ల మీద మలాకీ అడిగాడు.

"ఆ ఫోటోలో నోరెందుకు తెరిచావు?"

"పాడుతున్నాను."

"ఇంట్లో ఎప్పుడూ పాడవే?"

"నువ్వు ఇంట్లో ఎప్పుడూ సంతలో ఉన్నంత సరదాగా ఉండవుగా?"

మలాకీ అక్కడినుంచి ఫిలొమీనా ఇంటికి నడిచి, వాకిట్లో ఆగి, కళ్ళు మూసుకుని గడప దాటాడు.

అప్పటినుంచి రెండు కుటుంబాలూ నెలకోసారి బాహాటంగా కలుస్తున్నాయి. దొంగచాటుగా కలిసినన్నేళ్ళూ ఒక్క మాట తేడా రాలేదు కాని, ఇప్పుడు మాత్రం ప్రతి నెలా వస్తోంది.