కోళ్ళ షెడ్డులో మందు

ఎండ ముదరకముందే కోళ్ళ నీళ్ళలో మందు కలిపేసి, పెద్దమనిషిలా ఇంటికొచ్చి కూర్చోవాలన్నది ఆ పూట అల్లుడి పథకం. వేడికి బ్రాయిలర్ కోళ్ళు నోళ్ళు తెరిచి వగరుస్తున్నాయి. ఖనిజ లవణాల పొడి నీళ్ళలో కలిపి ఇస్తే తట్టుకుంటాయని పశువుల డాక్టరు చెప్పాడు. పైగా అత్తామామలు వచ్చి ఉన్నారు. మామగారు తన పాత షెడ్డు కూడా అల్లుడికే అప్పగించాలా వద్దా అన్నది ఈ రాకలోనే తేల్చుకుంటారు. అల్లుడి పథకాలు ఇంతవరకు ఒక్కటీ నెరవేరలేదు. ఆ సంగతి అందరికంటే ముందు అతనే చెప్పి నవ్వుకుంటాడు.

షెడ్డుకు వెళ్ళి ఒక పొట్లం బకెట్లో కలిపాక, రెండోది ఇంట్లోనే మర్చిపోయినట్టు తెలిసింది. నెత్తి కొట్టుకుని భార్యకు ఫోను చేశాడు. ఆవిడ స్నానానికి వెళ్ళింది. ఫోను మామగారు తీశారు.

"మావయ్యగారూ, మందు ఇంట్లో మర్చిపోయానండీ. ఎవరిచేతైనా పంపిస్తారా?"

"మందా! పొద్దున్నేనా?"

"ఎండెక్కితే లాభం లేదండీ. మావాళ్ళంతా నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు."

మావాళ్ళంటే కోళ్ళు. తన మాట కాస్తో కూస్తో వినేది అవే కాబట్టి అల్లుడు వాటినలాగే అంటాడు.

"మరి పిల్లలో?" అన్నారు మామగారు, మనవల్ని తలుచుకుని.

"పిల్లలకి సగమే పోస్తానండీ," అన్నాడు అల్లుడు, కోడిపిల్లల్ని తలుచుకుని. " రోజూ మీ అమ్మాయే కలుపుతుంది. నాకు పాళ్ళు కుదరవు."

మామగారు ఫోను పెట్టేసి అత్తగారి మీద విరుచుకుపడ్డారు. "నీ అల్లుడు తాగుబోతే! కలిపిచ్చేది మన పిల్ల! షెడ్డు ఇచ్చేది లేదు. నేను ముందెళ్తున్నా, వెనకే వచ్చి నీ కళ్ళతో చూసుకో!"

గొడుగైనా లేకుండా ఎండలో పరుగులాంటి నడక నడిచి, షెడ్డు చేరేసరికి ఆయన మొహం కందిపోయింది. కాళ్ళు తడబడి దాణా బస్తా మీద కూలబడ్డారు. పక్కనే బకెట్.

"ఏం మందో నేనే తేలుస్తా!" అంటూ మగ్గు ముంచి, అల్లుడు ఆపేలోపే గటగటా తాగేశారు. "ఇదేంటి, ఉప్పగా ఉంది?"

"కోళ్ళ మందు మావయ్యగారూ! ఎండదెబ్బ తగలకుండా."

"మరి మీవాళ్ళన్నావు?"

రెక్కలు వాల్చి నిలబడ్డ కోళ్ళను అల్లుడు చూపించాడు. మామగారికి నవ్వు ఆగలేదు. అల్లుడి మీద ఎన్నడూ లేని ప్రేమ కూడా పుట్టుకొచ్చింది. మగ్గు ముందుకు చాచారు.

"ప్రాణం లేచొచ్చిందయ్యా! ఇంకో మగ్గు పొయ్యి. రేపట్నుంచి ఇద్దరం కలిసే వేసుకుందాం ఈ మందు."

గుమ్మంలో అత్తగారు నిలబడి ఉంది.

"ఎన్నాళ్ళ నుంచండీ ఇది?"

"అయ్యో, ఇది కోళ్ళ మందే!"

"నోరులేని కోళ్ళ మీదికి తొయ్యకండి. మీ మొహమే చెప్తోంది." ఆవిడ అల్లుడి వైపు తిరిగింది. "బాబూ, ఆ షెడ్డు ఇక నువ్వే చూసుకో. ఈయన చేతిలో ఉంటే ఏమైపోతుందో!"

"అది కాదత్తయ్యగారూ, నిజంగానే..."

"ఆయన్ని వెనకేసుకు రాకు నాయనా. నీ మంచితనం నాకు తెలుసులే."

అల్లుడి పథకం ఒకటి ఫలించడం అదే మొదలు, అదీ అతని ప్రమేయం లేకుండా. సాయంత్రానికి కోళ్ళన్నీ తేరుకున్నాయి. ఆ మందుతో బాగుపడనిది మామగారి పేరొక్కటే.