ద్వితీయ టంకార విజయము

వినండి, ఓపిక గల సజ్జనులారా! వారమంతా పరుగెత్తి పరుగెత్తి అలసిన కాలపురుషుడు కాస్త కాళ్లు చాపుకునే ఆదివారం నాడు, ఉదయం పదకొండు గంటల శుభవేళ, మూడంతస్తుల భవనంలో మూడో అంతస్తున, ఎడమచేతి వైపు వాటాలో, కిటికీ పక్క భోజనాల బల్ల అనే మహారణరంగం మీద, పదకొండేళ్ల వయోభారంతో, ధూళిధూసరిత సర్వాంగంతో, పక్క రేకు ఊడి పేగులు బయటపడిన ఒక కంప్యూటరు వెల్లకిలా పడి ఉంది. దాని ఎదుట, కుడిచేత స్క్రూడ్రైవరు ధరించి, పెదవుల మధ్య రెండు మరలు కరిచిపట్టి, చిల్లుల బనీనే వజ్రకవచంగా మన వీరుడు నిలిచి ఉన్నాడు.

ఈ వీరుడు పుట్టుకతో యోధుడేమీ కాదు. వృత్తిరీత్యా గ్రంథాలయంలో బైండరు. ముట్టుకుంటే పొడిగా రాలే కాగితాలను ఊపిరి బిగబట్టి లేవనెత్తి, జిగురు పూసి, అట్ట వేసి, వాటికి మరో యాభై ఏళ్ల ఆయుష్షు పోసే జీర్ణపుస్తకోద్ధరణ ధురంధరుడు. దేన్నీ పారేయడు, దేన్నీ గట్టిగా పట్టుకోడు. ఆయన తలుపు వేస్తే చప్పుడు కాదు. నిజంగా వేశాడో లేదో వెనకాలే ఎవరో ఒకరు వెళ్లి చూసుకోవాలి.

ఆయన భార్య కంపోజరు. ప్రెస్సుల వాళ్లు చేతిరాతలో ఇచ్చిన పుస్తకాలను ఇంట్లోనే కూర్చుని పేజీలుగా తీర్చిదిద్దే అక్షరసంయోజన చక్రవర్తిని. ఆ చక్రవర్తిని రథం ఈ కంప్యూటరే. కొన్నాళ్లుగా ఆ రథం మొండికేసింది. పొద్దున మీట నొక్కితే తెర వెలిగేలోపు ఆమె రెండు గదులు ఊడ్చి, తల దువ్వుకుని, ఫోనులో వాళ్ల చెల్లెలితో ఒక తగువు పెట్టుకుని, రాజీ కూడా పడి వచ్చేది. ఇప్పుడు చేస్తున్నది రేఖాగణితం పాఠ్యపుస్తకం. పేజీ తెరిస్తే త్రిభుజానికి రెండు భుజాలే కనిపించేవి. మూడోదాని కోసం గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చోవలసి వచ్చేది.

“కొత్తది కొనేద్దామండీ” అని ఆమె అన్ననాడు వీరుడి మీసం అదిరింది.

“ఓ దేవీ! ఆలకింపుము! ఈ పెట్టె ఈ పెట్టెగానే యుండును. ఈ బోర్డు, ఈ తెర, ఈ ఫ్యాను యథాస్థానములందే విరాజిల్లును! ఒక్క నూతన డిస్కును, ఒక్క పాత మెమరీ ముక్కను మాత్రము తెచ్చి, ఈ వృద్ధయంత్రమునకు నవయౌవనమును ప్రసాదింపనేని, నేను బైండరునే కాను!” అని ఆయన మనసులో భీషణంగా గర్జించాడు. పైకి వినపడింది మాత్రం, “చూద్దాంలే, రెండు సామాన్లు మారిస్తే సరిపోతుందేమో” అన్న మాట.

ఆ రెండు సామాన్లూ నిన్న వచ్చాయి. విడిభాగాల షాపాయన మంచివాడు. కొత్త డిస్కులో కావలసినవన్నీ తనే ఎక్కించి, మెమరీ ముక్కను కాగితంలో చుట్టి ఇచ్చి, ఒక్కటే ఉపదేశం చేశాడు: “మెమరీ పెట్టేటప్పుడు భయపడకండి సార్. రెండు చివర్లా రెండు బొటనవేళ్లు పెట్టి గట్టిగా నొక్కండి. ఇటొక టక్, అటొక టక్. రెండు టక్‌లు వినపడ్డాయంటే కూర్చున్నట్టే.”

ఈ పొద్దున భార్య దిద్దుబాట్ల కాగితాలు తేవడానికి ప్రెస్సుకు వెళ్తూ, “సాయంత్రం ఐదింటికల్లా పుస్తకం పంపించాలి. పంపించాక మీ ఇష్టం, ఏం విప్పుకుంటారో విప్పుకోండి. అప్పటిదాకా దాని జోలికి వెళ్లకండి” అని మరీ చెప్పింది. రెండు వందల నలభై పేజీలు, మూడు నెలల కష్టం. ఈసారి ఆలస్యమైతే ఇక మీదట పనులన్నీ వేరే కంపోజరుకు ఇచ్చేస్తామని ప్రెస్సువాళ్లు మొహమాటం లేకుండా చెప్పేశారు. ఆ పేజీలన్నీ ఈ యంత్రంలోని పాత డిస్కులో తప్ప మరెక్కడా లేవు. అయినా ఆమె వచ్చేసరికి కొత్త యంత్రం చూపించి నోరు వెళ్లబెట్టించాలన్న ఉబలాటం వీరుడి చెవులు మూసేసింది. ఆమె వీధి మలుపు తిరిగిందో లేదో, ఈయన మొదటి మర తిప్పాడు.

ప్రథమ సమరం ధూళితో. పదకొండేళ్లుగా ఫ్యాను రెక్కలను ఆక్రమించుకుని, పక్క గదులకు కూడా విస్తరించిన ఆ బూడిదరంగు అక్షౌహిణిని, పుస్తకాల దుమ్ము దులిపే కుచ్చుబ్రష్షుతో ఆయన చీల్చి చెండాడాడు. ధూళి ఊరుకోలేదు, ముక్కులోకి దండెత్తింది. పద్నాలుగు తుమ్ములతో ఉభయపక్షాలూ సంధి చేసుకున్నాయి.

ద్వితీయ సమరం స్థలం కోసం. కొత్త డిస్కును పెట్టడానికి పెట్టెలో చోటూ లేదు, కలపడానికి తీగా లేదు. వీరుడు చిరునవ్వు నవ్వాడు. ఏనాడో మూగబోయిన సీడీల అరను ఊడబీకి, దాని తీగను కొత్త డిస్కుకు తగిలించి, ఆ ఖాళీలోనే డిస్కును అట్టలు అతికించే టేపుతో ప్రతిష్ఠించాడు. పాత డిస్కును కదిలించకుండా పక్కనే కొలువుంచాడు. పైసా ఖర్చు లేని ఈ వ్యూహాన్ని చూసి ఆయన తనను తానే మెచ్చుకున్నాడు, మెచ్చుకునేవాళ్లు ఇంకెవరూ లేరు కనుక.

ఇంట్లో ఉన్నది అత్తగారొక్కరే. ఆవిడ కిటికీ పక్క కుర్చీలో పేపరు చదువుతోంది. ఆవిడ చదువుకు ఒక పద్ధతి ఉంది: స్టీలు డబ్బాలోంచి కళ్లజోడు తీయడం, ఒక వార్త చదవడం, లోకం పాడైపోయిందని నిట్టూర్చడం, కళ్లజోడు మళ్లీ డబ్బాలో పెట్టి మూయడం. తర్వాతి వార్తకు మళ్లీ మొదటికి.

ఇక తృతీయ సమరం, మెమరీ ప్రతిష్ఠ. వేలెడు పొడవున్న ఆ ఆకుపచ్చ ముక్కను వీరుడు శిథిలగ్రంథపు చివరి పుటను పట్టుకున్నంత భయభక్తులతో రెండు వేళ్ల కొసలతో ఎత్తి, గాడికి అభిముఖంగా నిలిపి, మర్యాదగా కిందికి దించాడు. షాపాయన నొక్కమన్నాడు. ఈయన కూర్చోమని బతిమాలాడు. ఇటువైపు కొస లోపలికి దిగింది. టక్! అటువైపు వేలు ఆనించాడో లేదో, టక్! రెండు టంకారాలూ వినపడ్డాయి. వీరుడు పెట్టె మూసి మీట నొక్కాడు.

ఫ్యాను తిరిగింది. తెర మీద చీకటి. యంత్రగర్భం నుంచి “కీ... కీ... కీ...” అని ఒక కూత పుట్టి, ఆగి, మళ్లీ పుట్టింది. అది శత్రుశిబిరంలోంచి వచ్చిన శంఖారావమని వీరుడికి అర్థమైంది. ఏ శత్రువో అర్థం కాలేదు. షాపాయనకు ఫోను చేశాడు.

“అది మెమరీ కూత సార్. సరిగ్గా కూర్చోలేదు.”

“కూర్చుందండీ. రెండు టక్‌లూ నా చెవులారా విన్నాను.”

“ఎందుకైనా మంచిది, ఇంకోసారి నొక్కి చూడండి.”

“అక్కర్లేదండీ. పాతికేళ్లుగా బైండింగు చేస్తున్నవాణ్ని. ఏది కూర్చుందో ఏది కూర్చోలేదో నాకు తెలీదా?”

ఈ అహంకార వచనం వల్ల వాటిల్లిన అనర్థం ఇంతా అంతా కాదు. మెమరీ మీద అనుమానపడటం తన చెవుల మీద అనుమానపడటమే కనుక, ఆయన మిగతా లోకాన్నంతా అనుమానించాడు. తీగను దోషి అన్నాడు, పీకి మళ్లీ పెట్టాడు. పాపం ఏ పాపమూ ఎరుగని కొత్త డిస్కును నిలదీశాడు. ప్లగ్గును ఇంట్లో ఉన్న ప్రతి సాకెట్టులోనూ పెట్టి చూశాడు. ఏడుసార్లు విప్పాడు, ఏడుసార్లు బిగించాడు. ఎనిమిదోసారికి గడియారం మూడు కొట్టింది, తలుపు చప్పుడైంది.

“ఏమండీ, నా కంప్యూటరు బల్ల మీద ఎందుకుంది?”

“అంటే... కొంచెం బాగు చేద్దామని.”

“బాగుపడిందా?”

“కీ... కీ... కీ...” అంది యంత్రం.

ఆమె సంచి కింద పెట్టింది. “నా పేజీలు కాపీ తీసి పెట్టారా, విప్పేముందు?”

వీరుడు నోట్లోంచి మరలు తీసి అరచేతిలో పెట్టుకుని వాటిని లెక్కపెడుతున్నట్టు చూశాడు.

“తియ్యలేదన్నమాట” అంది ఆమె. పేజీలు పాత డిస్కులో పదిలంగానే ఉన్నాయి, కానీ యంత్రం లేవకపోతే ఉండీ లేనట్టే. ఆమె కేకలు వేయలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని దిద్దుబాట్ల కాగితాలను ఒళ్లో పెట్టుకుని, ఒకటొకటిగా సర్దింది. మూడు నెలలు ఆ మెడ నొప్పులు, ఆ ఎర్రబడ్డ కళ్లు దగ్గరుండి చూసినవాడు ఈయన. తిట్టినా బాగుండేదనిపించింది. ఆ రోజు మొదటిసారి మన వీరుడికి నిజంగా భయం వేసింది, తన మీద తనకే అసహ్యం వేసింది.

కూతురి ముఖం చూసి అత్తగారు పేపరు మడిచింది. కళ్లజోడు తీసి డబ్బాలో పెట్టి మూసింది.

టక్!

వీరుడు గిరుక్కున అటు తిరిగాడు. ఆ చప్పుడు ఆయనకు తెలుసు. “అత్తయ్యగారూ, పొద్దున నేను మెమరీ పెడుతున్నప్పుడు మీరేం చేస్తున్నారు?”

“ఏం చేస్తాను బాబూ, ఏదో ధరలు పెరిగాయని చదివి కళ్లజోడు లోపల పెట్టేశాను. ఏం, పెట్టకూడదా?”

ఆయన ప్లగ్గు పీకి, పెట్టె తెరిచి, లోపలికి తొంగి చూశాడు. గాడికి ఇటువైపు, మెమరీని పట్టి ఉంచే కొక్కెం మూసుకుని ఉంది. అటువైపు కొక్కెం నోరు తెరుచుకుని, ఉదయం నుంచీ ఆయన్నే చూస్తోంది. మెమరీ ఒక కొస కూర్చుని, ఒక కొస బియ్యపు గింజలో సగమంత లేచి నిలబడి ఉంది. ఆయన బొటనవేలు ఆనించాడు. కింద బోర్డు సన్నగా కిర్రుమంది. వేలు వెనక్కి తీశాడు.

“ఓ హస్తాంగుష్ఠమా! ఇన్నేండ్లును పొడియగు పుటల నొక్కక కాపాడిన నీకు నేడీ క్రూరకర్మ యెట్లు చెప్పుదును! బోర్డు భగ్నమైన మూడు నెలల...” అని మనోవేదిక మీద ఆయన సుదీర్ఘ ప్రసంగం అందుకున్నాడు.

“నొక్కండి” అంది భార్య.

“విరుగుతుందేమో.”

“విరిగితే నేను చూసుకుంటాను. మీరు నొక్కండి.”

వీరుడు కళ్లు మూసుకున్నాడు. పాతికేళ్ల సౌకుమార్యాన్ని పక్కన పెట్టి, పళ్లు బిగబట్టి, భుజబలమంతా బొటనవేలిలోకి దించి నొక్కాడు. బోర్డు వంగింది. కిర్రుమంది. ఇక అయిపోయిందనుకున్నాడు. అప్పుడు, కళ్లజోడు డబ్బా అత్తగారి ఒళ్లో నిశ్శబ్దంగా ఉండగా, పెట్టె లోపలి నుంచే, సందేహానికి తావు లేకుండా వినపడింది.

టక్!

మీట నొక్కాడు. కూత లేదు. భార్య గుటక మింగేలోపు తెర వెలిగింది. ఆమె పాత డిస్కు తెరిచింది, రేఖాగణితం తెరిచింది, రెండు వందల నలభయ్యో పేజీ దాకా గబగబా తిప్పింది. అన్నీ ఉన్నాయి. “జరగండి” అని వీరుణ్ని పక్కకు తప్పించి, కుర్చీ దగ్గరికి లాక్కుని, దిద్దుబాట్లు మొదలుపెట్టింది. ఐదుకు పది నిమిషాలు ఉన్నాయనగా పుస్తకం ప్రెస్సుకు చేరింది.

అప్పుడు షాపాయన ఫోను చేశాడు. “ఏమైంది సార్, లేచిందా?”

వీరుడు గొంతు సవరించుకున్నాడు. డిస్కుదే తప్పు అని చెప్పవచ్చు, తీగదని చెప్పవచ్చు, అడిగేవాడు లేడు. “లేచిందండీ. మీరు చెప్పిందే నిజం. మెమరీ సరిగ్గా కూర్చోలేదు. నాదే పొరపాటు.”

భార్య తెర మీంచి చూపు తిప్పకుండానే అంది: “ఆ చివరి మాట ఇంకోసారి అనండి. కాపీ తీసి పెట్టుకుంటాను.”

సజ్జనులారా! ఈ విధంగా, పంచవర్ణ తంత్రీజాల విదళనుడు, చతుర్దశ తుమ్ముల సంధికర్త, జీర్ణయంత్ర పునరుద్ధారకుడైన ఆ మహావీరుడు, ఆదివారమంతా ఘోరంగా పోరాడి, బియ్యపు గింజలో సగం మేర భూభాగాన్ని జయించి, తానూ ఒక మెట్టు కిందికి దిగి, సరిగ్గా కూర్చున్నాడు.