అరవై ఒక్క ముక్కల బల్ల

మాస్టారి ఇంట్లో వెనకవైపు ఒక గది ఉంది. దాన్ని మాస్టారు వర్క్‌షాపు అంటారు. ఆయన భార్య మాత్రం ఆస్పత్రి అంటుంది. అందులో చేరిన రోగి ఒక్కరు కూడా ఇంతవరకు నడుచుకుంటూ బయటికి రాలేదని ఆవిడ లెక్క.

ఆవిడ లెక్క తప్పు కాదు. పొట్ట విప్పిన రేడియో, మూడు కాళ్ళ కుర్చీ, ఒకటే ముల్లు తిరిగే గోడగడియారం, చక్రాలు లేని సైకిలు, అందరూ ఆ గదిలోనే ఉన్నారు. మాస్టారు బళ్ళో లెక్కలు చెబుతారు. సెలవులు వస్తే ఆయనకి చేతులు ఊరుకోవు.

భార్యది కుట్టుపని. ముందు హాల్లో నేలమీద గుడ్డ పరిచి, మోకాళ్ళ మీద దాని చుట్టూ తిరుగుతూ కత్తిరిస్తుంది. నిలబడ్డాక నడుం పూర్తిగా లేవడానికి పావుగంట పడుతుంది. వీధిలో ఆరుగురు ఆడవాళ్ళు కుట్టు నేర్పమని ఏడాదిగా అడుగుతున్నారు. వాళ్ళని కూర్చోబెట్టడానికి చోటు లేదు. చోటంతా రోగులు ఆక్రమించారు.

సెలవులు మొదలైన రోజు ఆవిడ సంచీ సర్దుకుంటూ అంది.

"నాలుగు రోజులు మా అక్క వాళ్ళింట్లో ఉంటాను. పాత సామాన్ల కొట్టు వైపు మాత్రం వెళ్ళకండి."

"ఎందుకు వెళ్తాను?"

"అక్కడ నీలంరంగు బల్ల ఒకటి పెట్టాడు. పెద్దది, తొమ్మిది సొరుగులు. చూస్తే మీరు ఆగరు. అది మీవల్ల అయ్యే పని కాదు."

మాస్టారు పేపరు పక్కన పెట్టారు. "నావల్ల కాదా?"

"మీరు మొదలుపెట్టి పూర్తిచేసిన పని ఒక్కటి చూపించండి."

"మన పెళ్ళి."

"అది మా నాన్న పూర్తిచేశారు."

మాస్టారికి పౌరుషం పొడుచుకొచ్చింది. "నాలుగు రోజుల్లో ఆ బల్ల కొత్తదై ఈ ఇంట్లో నిలబడుతుంది. నిలబడకపోతే వెనక గది నీది. నిలబడితే మళ్ళీ జన్మలో ఆ గది ఊసెత్తకూడదు."

"మాట మీద ఉంటారా?"

"లెక్కల మాస్టారి మాట."

ఆవిడ సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. ఆవిడ వీధి మలుపు తిరిగేలోపు మాస్టారు కొట్టు ముందు ఉన్నారు.

సాయానికి చిన్ననాటి స్నేహితుణ్ణి పిలిచారు. ఆయన పళ్ళ డాక్టరు. వడ్రంగం తెలుసా అంటే తెలియదు. కానీ చిన్న చిన్న పనిముట్లు చాలా ఉన్నాయి, శుభ్రం అంటే ప్రాణం. ఆయన చేతిలో పడిన పన్ను మీద మచ్చ మిగలదు, ఒక్కోసారి పన్ను కూడా మిగలదు.

బల్ల కొని ఇంటికి తెచ్చాక, మొదటి కష్టం వెనక గది తలుపు దగ్గరే వచ్చింది. బల్ల వెడల్పు, గుమ్మం ఇరుకు. నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా పెట్టి చూశారు. డాక్టరుగారు తలుపు తీసేద్దామన్నారు. మాస్టారు గోడ వైపు కూడా ఒకసారి ఆశగా చూశారు. చివరికి పెరట్లోనే బల్లని విప్పి, ముక్కలుగా లోపలికి తీసుకెళ్ళి, అక్కడే బిగిద్దామని తేలింది. డాక్టరుగారికి క్లినిక్ వేళ అయింది. విప్పే పని మాస్టారి మీద పడింది.

విప్పుతుంటే మాస్టారికి నెమ్మదిగా ఒక విషయం తెలిసింది. ఆ బల్లలో ఒక్క ఇనుప మేకు లేదు. అన్నీ చెక్క చీలలే. ఇటు చిన్నగా తడితే అటు జారి చేతిలోకి వచ్చాయి. ఎవడో వడ్రంగి ఎన్నేళ్ళ కిందటో చేసిన బల్ల, ఎక్కడా మొరాయించకుండా తలుపు తీసినట్టు విడిపోయింది. ఆయన సుత్తి కింద పెట్టి ఒక చీలని వేళ్ళ మధ్య తిప్పి చూశారు. పాఠం చెప్పేటప్పుడు తనకి కూడా ఇంత ఓపిక ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.

మొత్తం అరవై ఒక్క ముక్కలు. ఒక్కో సొరుగుకి అయిదు చొప్పున నలభై అయిదు, నాలుగు కాళ్ళు, పైన రెండు పలకలు, మధ్యలో బిగింపు పట్టీలు పది. మాస్టారు ప్రతి ముక్కకీ లోపలి వైపు పెన్సిలుతో ఒక నంబరు వేశారు. ఏ నంబరు దేనికి తగలాలో నోట్‌బుక్కులో పట్టిక గీశారు. ఆ పట్టిక చూస్తే ఎవరికైనా లెక్కల మీద గౌరవం పుడుతుంది.

సాయంత్రం డాక్టరుగారు తన పళ్ళ పనిముట్ల పెట్టెతో వచ్చారు. నేల మీద బాసింపట్టు వేసుకుని, ఒక సొరుగు ముఖం ఒళ్ళో పెట్టుకుని, సన్నని కొక్కెంతో మూలన కొంచెం గీకారు. నీలం కింద పసుపు వచ్చింది. పసుపు కింద బూడిద రంగు. దాని కింద ఆకుపచ్చ.

"గార ఎన్నేళ్ళదో," అన్నారు డాక్టరుగారు. "పాపం, ఎవరూ పట్టించుకోలేదు."

"నెమ్మదిగా గీకరా. దానికి నొప్పి పుడుతుంది."

"నొప్పి ఉంటే చెయ్యెత్తమని చెప్పాను."

ఆకుపచ్చ కింద చెక్క కనిపించింది. తేనె రంగు టేకు. అందులో ముదురు గీతలు, ఒకదాని వెంట ఒకటి, నీళ్ళు పారుతున్నట్టు. రంగు తీసే మందు వాసన నిండిన ఆ గదిలో నలభై ఏళ్ళ స్నేహితులిద్దరూ ఆ ముక్క మీదికి వంగిపోయారు. నాలుగు రంగుల కింద ఇంత అందం నోరు మూసుకుని ఎలా పడుందో వాళ్ళకి అర్థం కాలేదు.

"ఇది మనం చేయడం లేదురా," అన్నారు మాస్టారు. "మనం దుప్పటి తీస్తున్నాం, అంతే."

రెండోరోజు మధ్యాహ్నం మాస్టారు పాలిష్ కొనడానికి బజారుకి వెళ్ళారు. నాలుగు కొట్లు తిరిగి, నాలుగు చోట్లా సలహాలు తీసుకుని, అయిదో చోట పాలిష్ కొని వచ్చేసరికి సాయంత్రమైంది. గదిలో డాక్టరుగారు చెమటలు కక్కుతూ, ముఖం వెలిగిపోతూ నిలబడి ఉన్నారు. అరవై ఒక్క ముక్కలూ మెరుస్తున్నాయి. పొడుగువి ఒకవైపు, పొట్టివి ఒకవైపు, పద్ధతిగా పేర్చారు.

"లోపలా బయటా గరుకు కాగితంతో రుద్ది, స్పిరిటుతో తుడిచాను. మచ్చ చూపించు, నా డిగ్రీ వెనక్కిచ్చేస్తాను."

మాస్టారు ఒక ముక్క తీసి తిప్పి చూశారు. ఇంకోటి తిప్పారు. వరసగా పదహారు తిప్పారు.

"నంబర్లేవిరా?"

"ఏం నంబర్లు?"

"పెన్సిలుతో వేశాను. లోపలివైపు."

డాక్టరుగారి ముఖంలో దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. "అవి నీవా? ఎవరో పిల్లలు గీశారనుకున్నాను. ఆ చేతిరాత చూసి."

మాస్టారు నేలమీద చతికిలబడ్డారు. నోట్‌బుక్కు తెరిచి చూశారు. పట్టికలో ఏ లోపమూ లేదు. ఇరవై ఏడు నలభైలో దూరాలి, నలభై పదకొండు మీద ఆనాలి. జాతకం అద్భుతంగా ఉంది, పెళ్ళికొడుకే ఎవరో తెలియడం లేదు.

"పోనీ ఒక్కొక్కటీ పెట్టి చూద్దాం," అన్నారు డాక్టరుగారు.

మాస్టారు పెన్సిలు తీశారు. అరవై ఒక్క ముక్కల్ని ఎన్ని వరసల్లో పేర్చవచ్చో గంటసేపు లెక్క కట్టారు. వచ్చిన జవాబులో ఎనభై నాలుగు అంకెలున్నాయి.

"అంటే ఎంతసేపు పడుతుంది?"

"మా ఆవిడ వచ్చేలోపు కాదు."

మూడోరోజంతా ఇద్దరూ బిగించారు. క్లినిక్‌కి సెలవు పెట్టి మరీ బిగించారు. సాయంత్రానికి ఒక వస్తువు తయారైంది. దానికి నాలుగు కాళ్ళున్నాయి, కానీ మూడే నేలకి ఆనాయి. పైపలక కిటికీ వైపు వాలి ఉంది. ఆరు సొరుగులు మామూలుగా, రెండు వెనకవైపుకి, ఒకటి కిందికి తెరుచుకుంటున్నాయి. పైగా ఏడు ముక్కలు మిగిలాయి.

"జ్ఞానదంతాలనుకో," అన్నారు డాక్టరుగారు. "అవి లేకపోయినా పని నడుస్తుంది."

మాస్టారు మిగిలిన ముక్కల్ని ఒక మూల పేర్చారు. రేపు ఈ గది ఖాళీ చేయాలి. రేడియోని, గడియారాన్ని, ఇన్నేళ్ళుగా రేపు చూద్దామని దాచుకున్న రేపులన్నిటినీ ఎత్తి బయట పెట్టాలి. గది పోతుందన్న దిగులు ఒకవైపు. అంత చక్కగా విడిపోయిన బల్లని ఇలా నిలబెట్టానన్న సిగ్గు ఇంకోవైపు. రెండోదే ఎక్కువ బాధగా ఉంది.

నాలుగోరోజు పొద్దున్న పదిగంటలకి ఆవిడ వచ్చింది. సంచీ భుజాన ఉండగానే గది గుమ్మంలో నిలబడి చూసింది. స్నేహితులిద్దరూ గోడకి ఆనుకుని, బెంచీ ఎక్కిన పిల్లల్లా నిలబడ్డారు.

"ఏమిటిది?"

"బల్ల," అన్నారు మాస్టారు.

"అది ఒప్పుకుందా?"

డాక్టరుగారు అడ్డం పడ్డారు. "తప్పంతా నాదేనమ్మా. వాడు నంబర్లు వేశాడు. నేను శుభ్రం చేసేశాను."

"నంబర్లెందుకు అన్నయ్యగారూ?"

"ఏది ఎక్కడిదో తెలియాలి కదమ్మా."

ఆవిడ సంచీ దించి, చీలలు తట్టి ఆ వస్తువుని పది నిమిషాల్లో విప్పేసింది. తర్వాత నేలమీద కూర్చుని సొరుగుల ముఖాలు తొమ్మిదీ ముందు వేసుకుంది. ఒకటి తీసి వెలుగులో పెట్టి చూసింది. దాని పక్కన ఇంకొకటి పెట్టింది, తీసేసింది, వేరొకటి పెట్టింది.

"ఇటు రండి. ఈ గీత చూడండి."

ఇద్దరూ వంగారు. మొదటి ముఖం మీది ముదురు గీత అంచుదాకా వచ్చి ఆగింది. పక్క ముఖం మీద సరిగ్గా అక్కడే మళ్ళీ మొదలైంది.

"ఒకే తాను గుడ్డలాంటిది," అంది ఆవిడ. "పూల గుడ్డ కత్తిరించేటప్పుడు కుట్టు దగ్గర పువ్వు విరగకూడదని ముక్కలు వరసగా తీస్తాం కదా. ఈ వడ్రంగీ అలాగే తీశాడు. ఒక్క పలకలోంచి తొమ్మిదీ కోశాడు."

మూడు మూళ్ళు తొమ్మిది. ఆఖరిది పెట్టేసరికి నేలమీద ఒక చెట్టు లోపలి భాగం మొత్తం పరుచుకుంది. గీతలన్నీ ఈ చివరినుంచి ఆ చివరికి ఎక్కడా తెగకుండా సాగి, మధ్యలో ఒక కణుపు చుట్టూ తిరిగి వెళ్ళాయి. మూడురోజులుగా ఆ గీతల్నే గీకారు, రుద్దారు, తుడిచారు, వాటి అందానికి నోరు తెరిచారు. అవి ఒకదాన్నొకటి పిలుస్తున్నాయని మాత్రం ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. మాస్టారు ఒక గీత వెంట ఈ చివరినుంచి ఆ చివరికి వేలు నడిపారు. ఆ ముసలి వడ్రంగి ఎవరో, ఈ నడుంనొప్పి మనిషి ఎవరో. ఒకరినొకరు చూడకుండానే మాట్లాడుకుంటున్నారు. పక్కన నిలబడి వినే భాగ్యం తనకి దక్కింది.

మిగతా ముక్కల్నీ అలాగే గీతల్ని బట్టి జతచేసింది. కాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ కళ్ళు మూసుకుని బొటనవేలితో తడిమింది. "ఈ రెండూ ముందువి. కూర్చున్నవాళ్ళ పాదాలు తగిలి ఇక్కడ అరిగాయి."

రెండు గంటలకి బల్ల నిలబడింది. ముక్క మిగల్లేదు. డాక్టరుగారు మొత్తం బరువు వేసి ఊపి చూశారు. కదల్లేదు.

"పైన పాలిష్ పడితే ఇది మనందరికంటే ఎక్కువకాలం బతుకుతుంది," అన్నారు ఆయన, గొంతు తగ్గించి.

ఇంత అబ్బురంలోనూ మాస్టారిలో లెక్కల మనిషి మేలుకున్నాడు. "నాలుగోరోజు సాయంత్రం ఇంకా కాలేదు. బల్ల నిలబడింది. ఎవరు నిలబెట్టాలో షరతులో లేదు."

"లేదు," అంది ఆవిడ శాంతంగా. "గది మీదే. బల్ల బయట పెట్టుకోండి, నేను దానిమీద కూరలు తరుక్కుంటాను."

మాస్టారు బల్లని చూశారు, గుమ్మాన్ని చూశారు. మళ్ళీ అరవై ఒక్క ముక్కలు చేయాలి. ఆయన ప్రాణం ఒప్పుకోలేదు. ఆవిడ బల్ల పక్కన నిలబడి ఉంది. పైపలక సరిగ్గా ఆవిడ నడుం ఎత్తుకి వచ్చింది. వంగకుండా గుడ్డ కత్తిరించడానికి కొలత తీసి చేయించినట్టుంది. అది చూశాక మాస్టారికి ఒక అనుమానం పుట్టింది.

"ఈ బల్ల నువ్వు ముందే చూశావు కదూ?"

"రెండు నెలల కిందట. కొలుచుకున్నాను కూడా. కొట్టాయన్ని మీకు తప్ప ఎవరికీ అమ్మొద్దన్నాను."

"మరి నన్ను వెళ్ళొద్దన్నావు."

"మీకు పని చెబితే మూడేళ్ళు పడుతుంది. వద్దంటే నాలుగు రోజులు."

డాక్టరుగారు నవ్వు ఆపుకోలేక దగ్గారు. మాస్టారికి కోపం రావాల్సిన చోట కోపం రాలేదు. ఎనభై నాలుగు అంకెల్ని పక్కకి తోసేసిన మనిషి, తన మొగుడి లెక్క ఎప్పుడో తేల్చేసి ఉంటుందని ఆయనకి ముందే తట్టాల్సింది.

"గది నీదేలే," అన్నారు. "రేపు నీ ఆరుగురినీ రమ్మను. రోగుల్ని నేను డిశ్చార్జి చేసుకుంటాను."

"రమ్మన్నాను," అంది ఆవిడ. సంచీ విప్పి, కుట్టిన పరదా ఒకటి తీసి పరిచింది. "మా అక్క వాళ్ళింట్లో నాలుగు రోజులూ ఖాళీగా కూర్చున్నాననుకున్నారా?"

డాక్టరుగారు స్టూలెక్కి పరదా కిటికీకి పట్టారు. పొడుగు సరిపోయింది, వెడల్పు సరిపోయింది. వేలెడు ఎక్కువా లేదు, తక్కువా లేదు.

"కిటికీ కొలత ఎప్పుడు తీశావే?" అన్నారు మాస్టారు. "ఈ గదిలోకి నిన్నెప్పుడూ రానివ్వలేదు కదా."

"బయటినుంచి తీశాను. మీరు లోపల పడుకుని గురకపెడుతున్నప్పుడు."

మాస్టారు రెండో స్టూలు తెచ్చుకుని, ఎక్కి, పరదా రెండో కొస పట్టుకున్నారు.