అనంతగిరి మీద అయిదు వాట్లు

మా ఆవిడ ప్రేమమణి హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతుంది. నేను ఇన్సూరెన్స్ ఆఫీసులో క్లెయిములు చూస్తాను. అంటే ఇతరులు చెప్పే అబద్ధాలు పట్టుకోవడం నా ఉద్యోగం. సొంతంగా ఒకటి చెప్పాల్సి వచ్చినప్పుడు గానీ ఆ పనిలో నేనెంత చేతకానివాణ్ణో తెలియలేదు.

నాకు హామ్ రేడియో పిచ్చి ఉంది. పరీక్ష రాస్తే ప్రభుత్వం లైసెన్సు ఇస్తుంది. తర్వాత చేతిలో సెట్టు, గాల్లో గొంతు. సెల్‌ఫోను టవర్లతో పనిలేదు. అయితే మా సెట్లు వాడే వీహెచ్‌ఎఫ్ తరంగాలు ఇంచుమించు కంటిచూపు లాంటివి. మధ్యలో మేడ అడ్డొస్తే అక్కడే ఆగిపోతాయి. దూరం పోవాలంటే కొండెక్కాలి.

మా బృందంలో అందరూ ఎక్కారు, అందరూ వంద కిలోమీటర్లు దాటారు. నేను అయిదేళ్లుగా నలభై దాటలేదు. అందుకని నన్ను ‘నలభై ఆర్థర్’ అంటారు. వయసు యాభై రెండుకొచ్చినా ఆ నలభై మాత్రం కదల్లేదు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం నేనూ, మా బృందంలోని హరికిషనూ ఈ నలభై సంగతి తేల్చుకుందామనుకున్నాం. అతనికి మోటార్లు వైండింగ్ చేసే షాపుంది, నాకంటే పదేళ్లు చిన్న. అతను భువనగిరి గుట్ట ఎక్కాలి, నేను అనంతగిరి. మధ్యలో నూటపది కిలోమీటర్లు. నా సెట్టు బలం అయిదు వాట్లు. మా బాత్రూం బల్బుది తొమ్మిది.

సరిగ్గా ఆ ఆదివారమే ప్రేమమణి మేనమామ తాతారావు గారి అరవయ్యో పుట్టినరోజు కృతజ్ఞతా కూడిక, బోయిగూడలో. మామయ్య చాలా మంచి మనిషి. కాకపోతే దేవుడికి కృతజ్ఞత చెప్పడం తను పుట్టిన ఆస్పత్రి దగ్గర మొదలుపెడతాడు.

“ఆదివారం నాకు వికారాబాద్‌లో ఆఫీసు ట్రైనింగ్ పడింది” అన్నాను.

“దేంట్లో?”

“మంటలార్పడంలో.”

“ఇన్సూరెన్స్ వాళ్లకెందుకండీ?”

“కాలిపోయాక వెళ్లి చూస్తాం కదా. కాలకముందు ఏం చెయ్యాలో కూడా తెలియాలంటున్నారు.”

ఆమె నా సంచీ వైపు చూసింది. అందులోంచి తెల్లటి పీవీసీ పైపు మూరెడు బయటికి పొడుచుకొచ్చి ఉంది.

“అదేంటి?”

“మంటలార్పే గొట్టం. నమూనా.”

“కర్టెన్లు కొలిచే స్టీలు టేపు కనబడట్లేదు.”

“మంటకీ మనిషికీ మధ్య దూరం కొలవాలట.”

నిజానికి ఆ టేపు అప్పటికే నాలుగు ముక్కలై యాంటెన్నాకు పుల్లలుగా సిద్ధమైపోయింది. ప్రేమమణి ఇంకేమీ అడగలేదు. కాపీ కొట్టేవాణ్ణి గమనించిన టీచరు కూడా వెంటనే ఏమీ అడగదని నాకప్పుడు తట్టలేదు.

అనంతగిరి మీద చెట్లు లేని ఒక బండ చూసుకుని, పైపుకు పుల్లలు బిగించి, తూర్పుకు తిప్పి పట్టుకుని నిలబడ్డాను. నా టిఫిను రెండు కోతులు పట్టుకుపోయాయి. పోనీ అనుకున్నాను.

“సీక్యూ, సీక్యూ” అని పిలిచాను. ఎవరైనా వింటున్నారా అని అర్థం. అవతల గరగర తప్ప ఏమీ లేదు. ఆ గరగరలో ఒకసారి “అన్నా” అని వినబడ్డట్టయింది. అంతే, మళ్లీ గరగర.

అదే సమయానికి నగరంలో ఏం జరిగిందో తర్వాత విన్నాను. తాతారావు మామయ్య అపార్టుమెంటులో ఆ పొద్దున లిఫ్టు ఆగిపోయింది. పెద్దవాళ్లు అయిదంతస్తులు ఎక్కలేరని, కూడికను ఆయన స్నేహితుడి ఇంటికి మార్చారు. ఆ స్నేహితుడు సైనిక్‌పురిలో ఉండే డేవిడ్ రాజు అంకుల్. సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో చేసి రిటైరయ్యారు. మా హామ్‌లందరికీ గురువు. ఆయన హాల్లో మూలనున్న రేడియో ఎవరు పుట్టినా, ఎవరు పోయినా మోగుతూనే ఉంటుంది.

మామయ్య ప్రసంగం తొమ్మిదో తరగతి దాకా వచ్చిందట. అప్పుడు మూలనుంచి నా గొంతు, “సీక్యూ, సీక్యూ, ఆర్థర్‌ని, ఎవరైనా వింటున్నారా” అంది. ముప్పైమంది రేడియో వైపు చూశారు. తర్వాత ప్రేమమణి వైపు చూశారు.

కొండమీద నా సెట్టు ఒక్కసారిగా పలికింది.

“ఆర్థర్, నేను డేవిడ్ రాజును. నీ గొంతు చాలా సన్నగా వస్తోంది. మీ ఆవిడ నా పక్కనే ఉంది. ఓవర్.”

“ఏ ఆవిడ అంకుల్? ఓవర్.”

“నీకెంతమందో నాకు తెలియదు. ఇక్కడికొచ్చింది ఒక్కరే. మైకు ఇమ్మంటోంది. లైసెన్సు లేనివాళ్లకు నేనివ్వను, కాబట్టి తను చెప్పేది నేను పంపుతాను. మంట ఆరిందా అని అడుగుతోంది. ఓవర్.”

“ఇంకా అంటుకోలేదని చెప్పండి. ఓవర్.”

“అంటుకుందంటోంది, ఇక్కడ. ఓవర్.”

ఇంతలో గరగరలోంచి హరికిషన్ ముక్కలు ముక్కలుగా వచ్చాడు. “ఆర్థరన్నా, నీ మాట వస్తున్నది, పోతున్నది... ఏం సమజైత లేదు... బ్యాటరీ ఒక్క గీతనే ఉన్నది... జెర జల్ది జెయ్యి.”

ఇంట్లో పరువు ఎలాగూ పోయింది. ఇటు హరికిషన్‌తో కాంటాక్టు కూడా పోతే, నలభై ఆర్థర్‌గానే రిటైరవ్వాలి.

మళ్లీ అంకుల్ పలికారు, ఈసారి గొంతు మారింది.

“ప్రేమమణి అడుగుతోంది. నీ యాంటెన్నా పుల్లలు పడుకున్నాయా, నిలబడ్డాయా? ఓవర్.”

“పడుకున్నాయి. పాత టీవీ యాంటెన్నాల్లాగా. ఓవర్.”

“హరికిషన్‌ది నిలబడి ఉంటుంది, నువ్వూ నిలబెట్టమంటోంది. పుల్ల ఎటుంటే తరంగం అటే ఊగుతుందట. అడ్డంగా ఊపిన తాడు కిటికీ నిలువు ఊచల్లోంచి పోదని క్లాసులో పిల్లలకు చూపిస్తుందట. ఈ మాట ముందే నేనడగాల్సింది, నాకే సిగ్గుగా ఉంది. ఓవర్.”

మణికట్టు తిప్పాను. అంతే చేశాను. పడుకున్న పుల్లలు లేచి నిలబడ్డాయి.

“అన్నా, వచ్చినవ్” అన్నాడు హరికిషన్, నా భుజం మీద గడ్డం ఆనించి మాట్లాడినట్టు. “సాఫ్‌గ వచ్చినవ్. నీ జాగ చెప్పు, రాసుకుంట.”

మా ఆటలో ఒక నియమం ఉంది. ఎవరెక్కడున్నారో వారే సొంత నోటితో చెప్పాలి. మధ్యవాళ్లు అందిస్తే లెక్కలోకి రాదు. సైనిక్‌పురిలో ప్రేమమణి వింటోందని నాకు తెలుసు. ట్రైనింగ్ సెంటరు మేడ మీదున్నానంటే కొంపలో ఏదో ఒక మూల నిలబడే చోటు మిగలొచ్చు. కానీ కాంటాక్టు దక్కదు.

“హరికిషన్, రాసుకో” అన్నాను. “అనంతగిరి కొండ. అయిదు వాట్లు. ట్రైనింగ్ లేదు. టేపు కోసింది కూడా నేనే. ఓవర్.”

“గింత వివరం అక్కర్లేదన్నా” అన్నాడు. తన జాగ చెప్పాడు, నేను రాసుకున్నాను. మరుక్షణం అతని బ్యాటరీ పోయింది.

డేవిడ్ రాజు అంకుల్ ఒక్కరే మిగిలారు. “నూటపది కిలోమీటర్లు. ఇక్కడ అందరూ చప్పట్లు కొడుతున్నారు. ప్రేమమణి కూడా కొడుతోంది. కానీ ఆ కొట్టే తీరు చూస్తే నువ్వు నెమ్మదిగా రావడం మంచిది. ఓవర్ అండ్ అవుట్.”

సాయంత్రం రాంగోపాల్‌పేట్‌లో ఇల్లు చేరేసరికి తాతారావు మామయ్య మా సోఫాలో కూర్చుని ఉన్నాడు. పాపం, అల్లుడు వినలేకపోయాడని ఆయనకు బాధగా ఉందట. ప్రేమమణి నా కోసం కుర్చీ కూడా వేసి ఉంచింది. ఆస్పత్రి దగ్గర్నుంచి మొదలుపెట్టాడు.

ఆయన వెళ్లాక అడిగాను. “నిజం చెబితే పంపేదానివా?”

“పంపేదాన్ని కాదు.”

“మరి?”

“పై ఆదివారానికి యాంటెన్నా ఒకసారి చూసిచ్చేదాన్ని. మీరు అబద్ధం చెప్పారని కాదండీ నా కోపం. అయిదేళ్లు యాంటెన్నా పుల్లల్ని పడుకోబెట్టి, ఇంట్లో ఉన్న ఫిజిక్స్ టీచర్ని ఒక్కమాట అడగలేదు.”

సంచీలోంచి యాంటెన్నా తీసి ఆమె చేతిలో పెట్టాను.

మర్నాడు నా హామ్ పుస్తకాలు ఆమె టేబుల్ మీదికి చేరాయి. నేను మూడోసారికి పాసైన పరీక్ష ఆమె మొదటిసారే పాసైంది. లైసెన్సు వచ్చేలోగా యాంటెన్నా విప్పి, కొలతలు మార్చి, నాలుగు పుల్లలకు ఇంకో నాలుగు చేర్చింది. దాన్ని చూసి డేవిడ్ రాజు అంకుల్ కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు.

డిసెంబరులో ప్రేమమణి, హరికిషన్ భార్య రజితను తోడు తీసుకుని రాచకొండ గుట్టలెక్కింది. నేను మా మేడమీద సెట్టు పట్టుకుని కూర్చున్నాను. చలి పొద్దు, గాలి నిశ్చలంగా ఉంది. కర్నూలు అవతల ఒక గుట్ట మీదున్న మనిషితో ఆమె మాట్లాడుతోంది. అతని మాట నాకు అందడం లేదు, ఆమెది మాత్రం గంటలా వినబడుతోంది. నూట డెబ్బై కిలోమీటర్లు. మా బృందంలో ఎవరూ అంతదూరం పోలేదు.

ఆ కబురు విని అందరూ ఆమెను పిలవడం మొదలుపెట్టారు. నేనూ పిలిచాను. పది సార్లు పిలిచాను.

“స్టేషన్లన్నీ వరసలో రండి” అంది ప్రేమమణి, క్లాసులో మాట్లాడినట్టు. “ఆర్థర్ గారూ, మీది ఏడో నంబరు.”

ఏడో నంబరు వచ్చేదాకా కూర్చున్నాను. ఒక్కొక్కరినీ ఎంత ఓపిగ్గా పలకరిస్తోందో వింటుంటే ఆ ఆరుగురూ ఇంకా నెమ్మదిగా మాట్లాడితే బాగుండుననిపించింది. నా వంతు వచ్చింది. గొంతు ఎంత బాగా వినబడిందో అంకెల్లో చెప్పడం మా ఆనవాయితీ. అన్నిటికంటే మంచిది ఫైవ్ నైన్.

“మీకు ఫైవ్ సెవెన్. ఓవర్.”

“ఇంకో రెండు వెయ్యకూడదా మేడమ్? ఓవర్.”

“రీవాల్యుయేషన్ లేదండీ” అంది. “ఎనిమిదో నంబరు, రండి.”