కంకణబద్ధ హార్డ్‌డిస్క్ విమోచనము

శ్రోతలారా, చెవులొగ్గుడు! దసరా మరునాటి ఉదయమున, జమ్మి ఆకులింకను చొక్కా జేబులలో వాడకయున్న వేళ, వీరభద్రస్వామి కొలువైన కురవి పురమున, బస్టాండునకు ఎదుటి స్టూడియోలో, సహస్రవివాహచిత్రగ్రాహకుడును, వరుని వంకర మీసమును మౌసుతో సరిచేయగల ధీరుడును అగు ఫోటోగ్రాఫర్ సదానందము కంప్యూటరు ముందు చెమటలు కక్కుచుండెను.

కారణము వినుడు. పండుగనాడు పనిముట్లకు పూజ చేసిన పిమ్మట వానిని ముట్టరాదు. ఆయన ధర్మపత్ని వనమాల కెమెరాకు బొట్టు పెట్టి, ఊరి పెండ్లిళ్లన్నియు దాచిన హార్డ్‌డిస్కును, దాని వైరును, కంప్యూటరును ఏకము చేసి పసుపు దారముతో కంకణము కట్టెను. ఆర్పుట అశుభమని కంప్యూటరును ఆపరైరి. యజమాని చేతులు ముడుచుకొన్న ఆ ఒక్క దినమే అదనుగా అప్‌డేటు అను మాయావి లోన చొరబడెను. తెల్లవారునప్పటికి డిస్కు జాడ లేదు. పైపెచ్చు, ఫార్మాట్ చేయుదునా అని తెర అడుగుచుండెను!

బ్యాకప్ లేదా అందురేమో. లేకేమి! పెండ్లి ఒక ఫోల్డరులోను, దాని నకలు మరొక ఫోల్డరులోను భద్రముగా నున్నవి. రెండు ఫోల్డర్లును ఆ డిస్కులోనే యున్నవి.

అంతలో తండా నుండి సారక్క విచ్చేసెను. శ్రావణమున ఆమె కూతురు సౌందర్య పెండ్లియై భూపాలపల్లికి కాపురమునకు పోయెను. నేడు వీడియో ఇత్తునని సదానందము మాట ఇచ్చియుండెను.

"పోయేటప్పుడు బిడ్డ నా మెడ పట్టుకొని ఏడ్సుకుంట మా అప్పగింతల ఢావ్లో పాట పాడిందన్నా. నేను గుడ ఏడుస్తుంటి, ఒక్క ముక్క చెవినవడలే. ఏం పాడిందో ఇనాలె," అని ఆమె స్టూలు మీద కూర్చుండెను. వినక కదలదని ఆ కూర్చున్న తీరే చెప్పుచుండెను.

సదానందము ప్రయోగించిన రీస్టార్టు బాణములన్నియు వృథా కాగా, జనగామలోని మిత్రుడు భరత్‌కు ఫోను చేసెను. కంప్యూటరును పూర్తిగా ఆపి, డిస్కు వైరు ఊడబెరికి, మరల పెట్టుమని అతడు ఉపదేశించెను. కాని కంకణమో! మూడవనాటి వరకు విప్పరాదని ఇంటి ఆచారము. తెరపై "ఓకే" మీట మాత్రము తళతళలాడుచు ఊరించుచుండెను. ఒక్క నొక్కుతో బాధ తీరును, పెండ్లిళ్లును తీరును.

అప్పుడా వీరుడు లేచి, తెరకు వేలు చూపి ఇట్లు గర్జించెను: "ఓ అప్‌డేటూ, నా పెండ్లిళ్లన్ని మింగి ఫార్మాట్ అంటవా? కరెంటు వోనీ, కండ్లు వోనీ, నేనైతే ఓకే నొక్క."

చాయ్ తెచ్చిన వనమాల సంగతి విని గ్లాసు బల్లపై పెట్టెను. "కట్టింది నేనే గద, నేనే విప్పుత. దేవునికి నేను జెప్పుకుంట తియ్యి," అని అగరుబత్తి వెలిగించి, దండము పెట్టి, ముడి విప్పెను. కంప్యూటరు ఆగెను. వైరు ఊడెను, కుంకుమ దులుపుకొని మరల దూరెను. డిస్కు గుర్రుమనెను. ఆహా! తెరపై డిస్కు గుర్తైన ఎఫ్ అను అక్షరము ఉదయించెను!

అదిగో సౌందర్య, అదిగో ఢావ్లో! స్టూడియో అంతయు ఆ ఏడుపు పాటతో నిండెను. సారక్క తెరకు ముఖమానించి వినెను. యాడీ, అనగా తల్లీ, నన్ను పంపితే పంపితివి, నా మేకపిల్లను మాత్రము అమ్మవలదని బిడ్డ లంబాడీ మాటలలో వేడుకొనుచుండెను.

సారక్క కొంగుతో కండ్లు ఒత్తుకొని, మరుక్షణమే నవ్వెను. "అయ్యో, దాన్ని రేపు అమ్మనీకి అంగడికి కొంటవోదామనుకుంటినన్నా."

సదానందము ఆ పాటను పెన్‌డ్రైవులోనికి ఎక్కించి ఇచ్చెను. ఆ స్టూడియో చరిత్రలో మొట్టమొదటి నిజమైన బ్యాకప్ అట్లు సారక్క కొంగుముడిలో తండాకు బయలుదేరెను. జయము జయము! ఈ ఘోరసంగ్రామాంతమున తెరపై ఒక అక్షరమును, తండాలో ఒక మేకపిల్లయు దక్కినవి.