కట్టని ఇంటికి ఆగ్రహప్రవేశం

రాజమండ్రిలో మణిదీప్ ఇళ్లు కట్టడు, కట్టబోయే ఇళ్లను కంప్యూటర్లో కట్టి చూపిస్తాడు. ఇటుక అక్కర్లేదు, ఇసుక అక్కర్లేదు, పక్కింటివాడితో గోడ తగాదా అసలే లేదు. ఆ పొద్దున్న పెసరట్టు తింటూ అతను వేసుకున్న పథకం చిన్నదే. ధవళేశ్వరం రైతు బుల్లబ్బాయి గారి మేడ బొమ్మను అచ్చం ఫొటోలా చేసి పంపడం, ఔననిపించుకోవడం. వంటగది అల్మారాల బొమ్మలతో నెట్టుకొస్తున్న ఆఫీసుకు మొదటిసారి తగిలిన మేడ అది. జారిందంటే ఆఫీసుకు తాళమే.

"ముందు ఒట్టి గోడలు చూపిద్దామండి," అంది అతని దగ్గర పనిచేసే సుప్రియ. "ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని గోడలు అటూ ఇటూ జరుపుదాం. సరేనన్నాక రంగులూ వెలుగులూ వేద్దాం. ఒకసారి రెండర్‌కి, అంటే కంప్యూటర్‌ని ఫొటోలా గియ్యమని, పెట్టేశామంటే కిటికీ జరపాలన్నా మళ్లీ పూటంతా కూర్చోవాలి."

"ఒట్టి గోడలు చూసి ఎవరు మురుస్తారు? పెళ్లిచూపులకి నైటీలో కూర్చోబెడతారా ఏంటి?"

మోడల్ దగ్గర అతను మొండి. రెండర్ అంటే రెండో మాట వినడు. పాలరాతి మెట్లు పెట్టాడు, ఆ రెండర్‌లో నీరెండ కూడా పడేట్టు చేశాడు. అక్కడితో ఆగాడా, నిజంగా ఉన్నట్టుండాలని గుమ్మానికి పసుపు రాసి, మామిడాకుల తోరణం కట్టి, వాకిట్లో ముగ్గు కూడా వేశాడు.

బుల్లబ్బాయి గారు మురిసిపోయి ఆ బొమ్మను వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకున్నారు. కింద "మా కొత్త ఇల్లు" అని రాశారు. అక్కడ మొదలైంది.

గృహప్రవేశం నాడు కొత్త పొయ్యి మీద పాలు పొంగించాల్సింది ఆడపడుచు. ఆ హక్కున్న ఆయన అక్క తలుపులమ్మ పెద్దాపురంలో ఆ బొమ్మ చూసింది. పాలు పొంగలేదు గానీ ఆవిడ పొంగింది.

"బొట్టుపెట్టి పిలవలేదంట, చుట్టాలందరికీ చెప్పేసిందండి," అంటూ బుల్లబ్బాయి గారు చెమటలు కక్కుతూ ఆఫీసుకొచ్చారు. "ఇల్లింకా కట్టలేదే అంటే, తోరణాలు కనపడుతుంటే అబద్ధాలా అంటుందండి. అక్కతో మాటల్లేకుండా నాకు మేడెందుకండి? మీ పని ఆపేయండి."

"కంగారు పడకండి, తోరణం తీసేసి వేరే బొమ్మ పంపుతాను," అన్నాడు మణిదీప్. తోరణం, పసుపు, ముగ్గు తీసి మళ్లీ రెండర్‌కి పెట్టాడు. పూటంతా పట్టింది. బుల్లబ్బాయి గారు దాన్ని అక్కకు పంపగానే జవాబొచ్చింది.

"తోరణాలు కూడా విప్పేశారన్నమాట."

వెనకే తలుపులమ్మ చుట్టాలను వ్యాన్‌లో ఎక్కించుకుని, పాలగిన్నెతో సహా బయల్దేరింది. ఇది గృహప్రవేశం కాదు, ఆగ్రహప్రవేశం. అటు బుల్లబ్బాయి గారూ, ఇటు లాప్‌టాప్‌తో సుప్రియా, ప్రాణాలు అరచేత పట్టుకుని మణిదీపూ స్థలం దగ్గరికి పరుగెత్తారు.

కాలవగట్టు పక్క పిచ్చిమొక్కలు, వాటి మధ్య ఓ గేదె. తలుపులమ్మ గిన్నె చంకలో పెట్టుకుని చుట్టూ చూసింది.

"ఇల్లేదిరా తమ్ముడూ?"

"లేదక్కా."

"అప్పుడే అమ్మేశావా?"

మణిదీప్ గేదె చాటుకి జరిగాడు. సుప్రియ మాత్రం లాప్‌టాప్ తెరిచి, పక్కన పడేసిన బూడిదరంగు ఒట్టి గోడల బొమ్మను చూపించింది. "ఇంకా ఇలాగే ఉందండి పెద్దమ్మగారూ. పొయ్యి ఎక్కడుండాలో మీరే చెప్పండి."

తలుపులమ్మ కళ్లజోడు సవరించుకుంది. "ఇక్కడ. ఈ గోడ అటు జరుపు."

జరిగింది.

"ఇంకాస్త. పాలు పొంగిస్తుంటే నలుగురూ నిలబడొద్దా?"

ఇంకాస్త జరిగింది. చుట్టాలు మూగారు. ఒకరు కిటికీ తెరిపించారు, ఒకరు మెట్లు తిప్పించారు. తలుపులమ్మ తమ్ముడి భుజం మీద చెయ్యేసింది. "ఆ మొదటి బొమ్మ దేవుడి పటంలా ఉందిరా, దణ్ణం పెట్టడమే గానీ మాట్లాడ్డానికి లేదు. ఇది నయం. చెబితే వింటోంది."

"పని ఆపకండి మణిదీప్ గారూ," అన్నారు బుల్లబ్బాయి గారు.

"ఆయ్," అన్నాడు మణిదీప్. "ఇకమీదట ఎవరికైనా ముందు ఒట్టి గోడలేనండి." వ్యాన్‌లో వచ్చినవాళ్లలో ఇద్దరు తమ ఇళ్ల పని కూడా అతనికే చెప్పారు.

సాయంత్రానికల్లా, పునాది కూడా పడని ఆ మేడలో అక్కగారి గది తాళం ఎవరి దగ్గరుండాలన్న చర్చ మొదలైంది.