పడిపోయిన బ్రేకర్‌పై ఏకగ్రీవ తీర్పు

పని కోసం ఈ ఎడారి దేశానికొచ్చి పన్నెండు మందిమి కలిసి ఉంటున్న ముఐథర్‌లోని మా విల్లాలో విద్యుత్ సరఫరా సంస్థకూ, విద్యుత్ నియంత్రణ మండలికీ మధ్య నడుస్తున్న వివాదం సామరస్యంగా ముగిసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను.

సరఫరా సంస్థ అంటే గంగాప్రసాద్. బ్రేకర్ పెట్టె తాళంచెవి ఆయన మొలతాడుకు ఉంటుంది. నియంత్రణ మండలి అంటే వెంకటప్ప. ఏ గదిలో ఏసీ ఎన్ని గంటలు తిరగాలో అట్టముక్క మీద రాసి వంటగదిలో అంటించాడు. ఇద్దరినీ చేతులెత్తి ఎన్నుకున్నది మేమే. అసలు కరెంటు కంపెనీకి ఈ సంస్థల సంగతి తెలియదు. పాపం, అది కరెంటు మాత్రమే ఇస్తుంది.

జూలైలో ఒక శుక్రవారం మధ్యాహ్నం మెయిన్ బ్రేకర్ పడిపోయి ఇల్లంతా కరెంటు పోయింది.

“నా ఆర్డరు ల్యాకుండా యట్లా ఎక్కిస్తావప్పా?” అన్నాడు వెంకటప్ప.

“ఇవ్వండి మరి! కాయితం ఏదండీ?” అన్నాడు గంగాప్రసాద్.

“ఎందుకు పడిందో నువ్వు రాసిస్తే గదా నేనిచ్చేది!”

“ఎక్కిస్తేనే కదండీ ఎందుకు పడిందో తెలిసేది!”

రెండు వాదనల్లోనూ లోపం కనిపించలేదు. డిగ్రీ చదివినవాణ్ణని తీర్పు నాకు అప్పగించారు. నేను గంటకొక వాయిదా ఇచ్చాను.

మెట్ల కింది గదిలో ఉండే ముత్యం లుసైల్‌లో ఒక టవర్‌కు రాత్రి కాపలా. పగలే అతని నిద్ర. కిందటి వారం డ్యూటీలో కునుకు తీస్తూ కెమెరాకు దొరికాడు. ఇంకోసారి దొరికితే ఇంటికి పంపిస్తామన్నారు. తడి తువ్వాలు నెత్తిన వేసుకుని వచ్చాడు.

“అన్నా, పొద్దుమూకి డ్యూటీకి పోవాలె. జర పండనియ్యుండ్రి. మీ కొట్లాట కరెంటొచ్చినంక సల్లగ ఏసీల కూసోని వెట్టుకోరాదుండ్రి!”

అతని విన్నపాన్ని రికార్డులో చేర్చాం.

మూడో వాయిదాలో ముత్యం గరిటె కాడతో పెట్టె తెరిచి, బ్రేకర్ ఎక్కించి, వెళ్లి పడుకున్నాడు. ఊళ్లో మా ఇంట్లో ఫ్యూజు పోతే నా భార్య కూడా అంతే, ఏ మండలినీ అడగకుండా వేసేసేది. చల్లగాలి తగలగానే ఆమె గుర్తొచ్చింది.

అయినా చట్టం చట్టమే. ఆరు నెలలుగా ఒక్క మాట మీద నిలవని ఇరుపక్షాలూ ఆ క్షణంలో ఏకమయ్యాయి.

“దినామూ అందరూ తలా ఒక స్విచ్చి నొక్కితే ఇంగ వ్యవస్థ ఏం గావాల?” అని వెంకటప్ప గద్గదస్వరంతో ప్రసంగించాడు. గంగాప్రసాద్ కళ్లు తుడుచుకున్నాడు.

తీర్పు: అనుమతి లేకుండా కరెంటు ఇచ్చినందుకు ముత్యం గదిలో వారం రోజులు పగటిపూట ఏసీ బంద్.

నాతో సహా పదకొండు మందిమి సంతకాలు చేశాం. పన్నెండోవాడు ముత్యం. నిద్రపోయేవాణ్ణి లేపడం పాపమని ఎవరూ లేపలేదు. గది హాయిగా ఉంది. ఒక్కరి చేతికీ చెమట పట్టలేదు.